చీటీలో నడక కూడా రాయండి

రొమ్ము క్యాన్సర్‌కి కీమో మొదలైందనగానే ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "నువ్వు కదలకు, పడుకో." ప్రేమకొద్దీ అనే మాటే. కానీ కీమో నీరసం పొలం పని చేసో, దూరప్రయాణం చేసో వచ్చిన అలసట లాంటిది కాదు. ఆ అలసట ఒక రాత్రి నిద్రతో తీరుతుంది. ఇది రాత్రంతా పడుకుని లేచినా అలాగే ఉంటుంది. పైగా మంచం మీద గడిపిన కొద్దీ కాళ్లలో కండ తరుగుతుంది, గుండెకీ ఊపిరితిత్తులకీ సత్తువ తగ్గుతుంది. మొన్నటిదాకా సునాయాసంగా ఎక్కిన మెట్లకే ఆయాసం వస్తుంది. ఆ ఆయాసం చూసి మళ్లీ పడుకోమంటాం. ఇలా మందు తెచ్చిన నీరసానికి మంచం తెచ్చిన నీరసం తోడవుతుంది. మొదటిది చికిత్సతో వచ్చేదే, రెండోదాన్ని మాత్రం చాలావరకు ఆపుకోవచ్చు. అందుకే చికిత్స సాగుతున్నన్నాళ్లూ నడక ఉండాలనీ, దాన్ని నోటిమాటగా చెప్పి వదిలేయకుండా మందుల చీటీలో నిమిషాలతో సహా రాసివ్వాలనీ నేనంటాను.

ఈ విషయాన్ని తొలినాళ్లలోనే పట్టించుకున్నవాళ్లు నర్సులు. రోగి ఎంత నీరసపడుతోందో దగ్గరుండి చూసేది వాళ్లే కదా. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ నర్సింగ్ పరిశోధకురాలు విక్టోరియా మాక్ బృందం 1997లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఆరు వారాల రేడియేషన్ తీసుకుంటున్న 46 మంది స్త్రీలలో ఒక జట్టును ఇంటి దగ్గరే, ఎవరి వేగం వాళ్లదిగా, ఒక్కోసారి 20 నుంచి 30 నిమిషాలు, వారానికి నాలుగైదుసార్లు నడవమన్నారు. నడిచినవాళ్లలో అలసట, ఆందోళన, నిద్రలేమి తక్కువగా కనిపించాయి. అదే బృందం 2005లో 119 మందితో చేసిన అధ్యయనం ఇంత తేలిగ్గా తేలలేదు. నడవమన్నవాళ్లలో 72 శాతమే చెప్పినట్టు నడిచారు. నడక చెప్పని జట్టులోనూ చాలామంది తమంతట తామే నడిచేశారు. దాంతో జట్టుకీ జట్టుకీ తేడా మసకబారింది. నిజంగా ఎవరు నడిచారో చూసి లెక్కిస్తేనే నడకకీ తగ్గిన అలసటకీ సంబంధం కనబడింది. "నీరసం తక్కువున్నవాళ్లే నడవగలిగారేమో, నడిచినందుకే నీరసం తగ్గిందని ఎలా అంటారు?" అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. ఆ ఒక్క అధ్యయనం దానికి జవాబివ్వదు. అయితే చికిత్సలో ఉన్నవాళ్లకు వ్యాయామంపై జరిగిన 32 అధ్యయనాలను, అంటే 2,626 మంది స్త్రీల ఫలితాలను, 2016లో కొక్రేన్ సంస్థ సమీక్ష ఒకచోట చేర్చి చూసింది. వ్యాయామం బహుశా అలసటను తగ్గిస్తుందనీ, శరీర దారుఢ్యాన్ని పెంచుతుందనీ తేల్చింది. ఆ "బహుశా"ను మనం దాచకూడదు. నడిస్తే క్యాన్సర్ పోతుందని ఎవరైనా చెబితే నమ్మనూ కూడదు. అయినా నడకను గట్టిగా సమర్థించడానికి ఈపాటి ఫలితం చాలు.

"రక్తకణాల కౌంట్ పడిపోయి ఉంటే? గుండె బలహీనపడి ఉంటే?" అన్న భయానికి ఆధారం ఉంది. డాక్సోరుబిసిన్ అనే ఎర్ర మందు, ట్రాస్టుజుమాబ్ అనే మరో మందు గుండెను బలహీనపరచగలవు. అందుకే గుండెకు ఎకో పరీక్ష చేయిస్తారు. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు పడ్డాక కొందరికి అరికాళ్లు మొద్దుబారి, కింద రాయి ఉన్నా తెలియదు. అలాంటివాళ్లకి చెప్పుల్లేని నడక, గతుకుల రోడ్డు పనికిరావు. మడమ కదలకుండా పట్టి ఉంచే బూట్లు, చదునైన నేల కావాలి. జబ్బు ఎముకలకు పాకినవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టకూడదు. జ్వరం 100.4 డిగ్రీలు తాకితే నడక మాట అటుంచి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నిజానికి ఇన్ని జాగ్రత్తలు ఉన్నాయి కాబట్టే నడకను చీటీలో రాయమంటున్నాను. ఏ మందైనా మోతాదు చూసి, మనిషిని చూసి ఇస్తారు. ఇదీ అంతే. నిరుడు పొలంలో కూలికి వెళ్లిన మనిషికీ, షుగర్ ఉండి, మోకాళ్లు అరిగిన మనిషికీ ఒకే లెక్క కుదరదు. ఒకరు అరగంటతో మొదలుపెట్టవచ్చు, మరొకరికి వరండాలో అయిదు నిమిషాలే ఎక్కువ కావచ్చు. మన ఎండలకి తెల్లవారుజామునో, పొద్దువాలాకో డాబా మీద నడిచినా సరిపోతుంది. జుట్టు ఊడిన తలతో వీధిలోకి రావడానికి మనసొప్పని వాళ్లకీ డాబా మేలు.

నాకు అన్నిటికన్నా కష్టమనిపించే అభ్యంతరం ఇంకొకటి ఉంది: "ఇంటి పని ఎలాగూ చేస్తోంది, మళ్లీ నడక దేనికి?" ఇంటి పనిలోనూ కదలిక ఉంది, కాదనను. కానీ పొయ్యి దగ్గర గంటసేపు నిలబడితే కాళ్లు లాగుతాయే తప్ప, ఆగకుండా పది నిమిషాలు నడిచినప్పుడు గుండెకీ ఊపిరికీ అందే సాధన అందదు. ఆ పనిని మధ్యలో ఆపే వీలూ ఆమెకుండదు. అలసట వచ్చిన చోట ఆగి, రేపు మళ్లీ మొదలుపెట్టుకోగలగడమే నడకలో ఉన్న సుఖం. వంటా గిన్నెలూ ఆమె మీదే వదిలేసి పైగా నడవమంటే అది చికిత్స కాదు, ఇంకో చాకిరీ. కాబట్టి ఈ చీటీ ఆమె ఒక్కదానికే కాదు, ఇంటిల్లిపాదికీ.

ఇంట్లో ఎవరైనా ఈ చికిత్సలో ఉంటే, ఈసారి కీమోకి వెళ్లినప్పుడు డాక్టర్‌ని అడగండి: ఎన్ని నిమిషాలు, వారానికి ఎన్నిసార్లు, ఏ లక్షణం కనిపిస్తే ఆపాలి? ఆ మూడూ చీటీ మీద రాయించుకోండి. ఇంటికొచ్చాక ఆమె నడిచే వేళకి వంటగది మీరు చూసుకోండి.