ఘంటసాల గొంతులో దేశి

ఘంటసాల వెంకటేశ్వరరావును గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్లు ఒక పంపకం చేస్తూంటారు. భగవద్గీత, పద్యాలు, భక్తిగీతాలు ఒక వాటా. పొలం పాటలు, పల్లె పాటలు మరొక వాటా. మొదటిది విద్వత్తు, రెండవది సినిమా అవసరం. ఈ పంపకం ఒప్పుకోదగినది కాదు.

ఆయన 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టాడు. తండ్రి సూరయ్యగారు మృదంగం వాయిస్తూ నారాయణతీర్థుల తరంగాలు పాడేవాడు. కొడుకును భుజాన ఎక్కించుకొని భజనలకు తీసుకుపోయేవాడు. తరంగం సంస్కృతం. వినేవాళ్లలో సంస్కృతం వచ్చినవాళ్లెందరు? పగలల్లా పొలంలో వంగి పనిచేసి, రాత్రి వచ్చి కూర్చున్న జనం. మాట తెలియకపోయినా వారికి భావం అందాలి. అందించవలసినవి గొంతూ, తాళమూ, అడుగూ. విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర శాస్త్రం నేర్చుకోక ముందే ఆయన చదువుకున్న బడి ఇది. పాడేది ఎదుటివాడికి అందాలన్న పట్టుదల అక్కడిదే.

నాటకరంగం మీద పద్యాన్ని రాగం మింగేస్తున్న రోజులవి. ‘వన్స్‌మోర్’ కోసం చివరి అక్షరాన్ని సాగదీసి సాగదీసి, పద్యంలో ఏముందో ఎవరికీ పట్టకుండా చేసేవారు. ఘంటసాల ఆ సాగతీతను కోసేశాడు. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ ఇంటింటా వినపడిందంటే మాట మాటగా వినిపించడం వల్లనే. ఇక భగవద్గీత రికార్డు చూడండి. శ్లోకం పాడి, ఆగి, తెలుగు వచనంలో తాత్పర్యం చెప్తాడు. ఇది సభాగానం పద్ధతి కాదు. పురాణం చెప్పేవాడి పద్ధతి, హరిదాసు పద్ధతి. 1974లో ఆయన పోయిన తరువాత వెలువడిన ఆ రికార్డులో కూడా ఎదుట కూర్చున్నది సంస్కృతం రాని పల్లె జనమే. నన్నెచోడుడు మార్గమనీ దేశి అనీ రెండు పేర్లు పెట్టాడు గాని, ఈ గొంతులో వాటికి మధ్య గోడ కట్టడం కష్టం.

ఇది మన ఒక్కరి సంగతే కాదు. అమెరికాలో నీగ్రోల చర్చి పాటను బజారులోకి తెచ్చిన రే చార్లెస్ 1962లో తెల్ల రైతుల ‘కంట్రీ’ పాటలతో ఒక రికార్డు వేశాడు. ఆశ్చర్యపోయినవారు చాలామంది. చిన్నప్పుడు రేడియోలో ఆ పాటలు వింటూ పెరిగినవాడికి మాత్రం అందులో వింతేముంది?

అయితే గొంతు ఒకటే ఐనంత మాత్రాన పాటలన్నీ ఒక విలువవి కావు. 1952లో తాతినేని ప్రకాశరావు తీసిన ‘పల్లెటూరు’కు సంగీతం ఘంటసాలదే. అందులో తెలుగువాణ్ణి చెయ్యెత్తి జై కొట్టమన్న పాట కమ్యూనిస్టు నాయకుడు వేములపల్లి శ్రీకృష్ణ రాసినది. 1942 ఉద్యమంలో జైలుకు వెళ్లివచ్చిన మనిషి ఆ పాట పాడుతూంటే, గొంతు వెనుక ఊరేగింపు నడుస్తున్నట్లే ఉంటుంది.

1957 నాటి ‘తోడికోడళ్లు’ పాట వేరు. కొసరాజు రచన, బందరు మనిషి మాస్టర్ వేణు స్వరం, తోడుగా సుశీల. పొలంలో ఆలుమగలు గూడ వేస్తూ పాడుకునే పాట. మన డెల్టాలో పల్లపు కాలువ నుంచి మెరక చేనికి నీరు తోడిన ప్రతివాడికీ గూడ అంటే ఏమిటో తెలుసు: ఇద్దరు రెండువైపుల తాళ్లు పట్టి ముంచి, వెనక్కి ఊగి, విసరాలి. పాట హాయిగా ఉంది. కొసరాజు మాటలో మట్టివాసన ఉంది. కాని ఆ ఊపులో నడుం నొప్పి లేదు. ఏతం తొక్కేవాళ్ల పాటలో బానల లెక్క ఉంటుంది. ఎన్ని తోడాం, ఎన్ని మిగిలాయి అని. ఆ లెక్క కూలికి సంబంధించినది, ప్రాణానికి సంబంధించినది. సినిమా పాట ఊపును తీసుకొని లెక్కను గట్టు మీద వదిలేసింది. తప్పు గొంతుది కాదు. మూడు నిమిషాల రికార్డుకూ, టిక్కెట్టు కొన్నవాడి వినోదానికీ ఆ లెక్కతో పని లేదు.

తరువాత ఆయిలింజన్లు వచ్చాయి, గూడలు అటకెక్కాయి. విజయవాడలో ఘంటసాల పేర ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. గుళ్లలో మైకుల మీద గీత వినపడుతూనే ఉంది. గూడపాట కావాలంటే మాత్రం ఇవాళ కుర్రవాళ్లకు ఆ సినిమా పాట ఒక్కటే దిక్కు. లెక్కతో పాడినవాళ్లలో ఇంకా బతికి ఉన్న ముసలివాళ్ల దగ్గరకు కాగితం, కలం పట్టుకొని మనం వెళ్లవలసి ఉంది.