ఏ ఊరి స్పానిష్ నేర్చుకోవాలి?

స్పానిష్ నేర్చుకోవాలనుకునేవారు సాధారణంగా ముందు వెతికేది ప్రామాణిక స్పానిష్. అది పట్టుబడ్డాక ప్రాంతాల మాటలు తీరిగ్గా చూసుకోవచ్చని వారి లెక్క. ఈ వరస తిరగబడాలని నా అభిప్రాయం. ఒక దేశాన్ని, వీలైతే ఒక నగరాన్ని ఎంచుకుని, అక్కడి జనం బస్సెక్కేటప్పుడు, కూరగాయలు బేరమాడేటప్పుడు, ఇరుగుపొరుగుతో మాట్లాడేటప్పుడు వాడే భాషతోనే మొదలుపెట్టాలి. స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష. వాటన్నిటా వ్యాకరణం చాలావరకు ఒక్కటే, పత్రికల భాషలోనూ పెద్ద తేడా ఉండదు. బాగా మారేది రోజువారీ మాట. కొత్తగా నేర్చుకునేవారికి మొదటిరోజే అవసరమయ్యేదీ అదే.

సిటీ బస్సునే తీసుకోండి. మాడ్రిడ్‌లో అవుతోబుస్, మెక్సికోలో కమియోన్, బ్యూనస్ ఐరిస్‌లో కొలెక్తీవో, హవానాలో గ్వాగ్వా. ఆ గ్వాగ్వాయే చిలీలో చంటిబిడ్డ. తిండి దగ్గరికొస్తే తేడాలు ఇంకా లోతు, దానికి చరిత్రే కారణం. అమెరికా ఖండాల్లో దిగిన స్పెయిన్‌వాళ్లకు అక్కడి పంటలు కొత్త, వాటికి తమ భాషలో పేర్లు లేవు. ముందు అడుగుపెట్టింది కరీబియన్ దీవుల్లో కాబట్టి మొక్కజొన్నకు అక్కడి తైనో భాషలోని ‘మైస్’ అనే మాట తీసుకున్నారు. తర్వాత మెక్సికోలో నహువాత్ల్, ఆండీస్ కొండల్లో కెచువా భాషలు ఎదురయ్యాయి. అందుకే లేత పొత్తు మెక్సికో సంతలో ఎలోతె, పెరూ సంతలో చోక్లో. అవకాడో మొదటిచోట అగ్వాకాతె, రెండోచోట పాల్తా. ఏ ప్రాంతపు రంగూ అంటని మాట ఒకటి ఎంచుకుందామంటే ఇక్కడ అలాంటిది దొరకదు. స్పానిష్ అకాడమీల సంఘం 2010లో అమెరికా ఖండాల మాటలకే ప్రత్యేకంగా ఒక పెద్ద నిఘంటువు వేసింది. తెలుగులో ఒక్కో వృత్తి మాటలను ప్రాంతాలవారీగా కూర్చేందుకు భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి మొదలుపెట్టిన మాండలిక వృత్తిపదకోశాలు తిరగేసినవారికి దాని అవసరం గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇలా మాటల వెంట పడితే వ్యాకరణం వెనకబడుతుందని ఒక భయం. నిజానికి వ్యాకరణంలో చిక్కుముడులున్నదే సంభాషణలో. పాఠ్యపుస్తకం ‘తూ’ అంటే నువ్వు, ‘ఉస్తెద్’ అంటే మీరు అని చెప్పి ఊరుకుంటుంది. బొగొటాలో ప్రాణస్నేహితుల మధ్య, అన్నదమ్ముల మధ్య కూడా ఉస్తెద్ వినిపిస్తుంది. దాన్ని మన ‘మీరు’లా అర్థం చేసుకుంటే ఆ చనువు ఎడంగా కనబడుతుంది. అర్జెంటీనాలో తూ బదులు ‘వోస్’ అంటారు, దాంతోపాటు క్రియా మారుతుంది: తూ తియెనెస్ కాస్తా వోస్ తెనేస్ అవుతుంది. ఎవరు ఎవరిని ఎలా పిలుస్తున్నారో వినకుండా ఈ క్రియారూపాల పట్టికలు కంఠతా పట్టి లాభం లేదు.

బలమైన అభ్యంతరం ఇంకొకటుంది: ఒక ప్రాంతానికి కట్టుబడితే మిగతా చోట్ల నోరు పెగలదు కదా? ఇందులో కొంత నిజముంది. స్పెయిన్‌లో బస్సు పట్టుకోవడానికి అందరూ నిస్సంకోచంగా వాడే ‘కొహెర్’ అనే క్రియ మెక్సికోలో, అర్జెంటీనాలో బూతు. అయితే ఏ ప్రాంతానికీ చెందని తటస్థ స్పానిష్ కూడా ఇలాంటి సంగతులు నేర్పదు. డబ్బింగ్ కోసం లాటిన్ అమెరికాలో అలాంటి భాషనొకదాన్ని తయారుచేసుకున్నారు గాని, అది తెర మీది భాష, ఇళ్లలో ఎవరూ మాట్లాడరు. ఒక ప్రాంతపు మాట బాగా వచ్చినవారికి రెండో ప్రాంతంలో మార్చుకోవలసినవి కొన్ని పేర్లు, కొన్ని పిలుపులు మాత్రమే. ఏ ప్రాంతానిదీ రానివారికి అన్నిచోట్లా అన్నీ కొత్తే. పరీక్షల సంగతి చూసినా అంతే. సెర్వాంతెస్ ఇన్‌స్టిట్యూట్‌తో పాటు మెక్సికో, సలమాంకా, బ్యూనస్ ఐరిస్ విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే ‘సియెలె’ అనే స్పానిష్ భాషా పరీక్షలో వేర్వేరు ప్రాంతాల గొంతులు వినిపిస్తారు.

కాబట్టి ఎంపిక ఎవరితో మాట్లాడబోతున్నామన్నదాన్ని బట్టి ఉండాలి. టెక్సస్‌లోనో, కాలిఫోర్నియాలోనో స్థిరపడ్డ తెలుగువారి చుట్టూ ఉన్న స్పానిష్‌లో మెక్సికో మూలాలదే పెద్ద వాటా. అక్కడివారు స్పెయిన్ పుస్తకం పట్టుకుని ‘వొసోత్రోస్’ (మీరంతా) క్రియారూపాలు వల్లెవేయడం వృథా శ్రమ, లాటిన్ అమెరికా సంభాషణల్లో ఆ రూపమే వాడుకలో లేదు. దాని బదులు దుకాణంలోనో, పని దగ్గరో తెలియని వస్తువు చూపించి ‘కోమో లె దీసెన్ ఆకీ’, అంటే ఇక్కడ దీన్నేమంటారు, అని అడగడం ముందు నేర్చుకోవాలి. రేపు లీమాకో హవానాకో వెళ్లినా ఆ ప్రశ్న మార్చుకోనక్కర్లేదు.