ఇబ్ను షద్దాద్ సాక్ష్యం: సుల్తాన్ సలాహుద్దీన్ జీవితంలో అరుదైన విషయాలు

సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ పేరు వినగానే ముస్లిం పాఠకుల మనస్సులో రెండు దృశ్యాలు మెదులుతాయి. ఒకటి, 1187 అక్టోబరులో బైతుల్ మఖ్దిస్ విమోచన. రెండవది, ఇంగ్లాండు రాజు రిచర్డు పట్ల ఆయన చూపిన ఔదార్యం. అయితే సుల్తాన్‌కు అత్యంత సన్నిహితుడైన చరిత్రకారుడు బహావుద్దీన్ ఇబ్ను షద్దాద్ గ్రంథం తెరిచినవారికి ఆశ్చర్యం తప్పదు. మొదటి దృశ్యాన్ని గ్రంథకర్త కళ్ళారా చూడలేదు. ఇక రెండవ దృశ్యంలోని ఇద్దరూ జీవితంలో ఒక్కసారి కూడా ముఖాముఖి కలుసుకోలేదు! సంప్రదింపులన్నీ సుల్తాన్ సోదరుడు మలిక్ ఆదిల్ ద్వారా, దూతల ద్వారా జరిగాయి. జబ్బుపడిన రిచర్డుకు పండ్లు, మంచు పంపిన మాట నిజమే. సుల్తాన్ హకీం వేషంలో అతని గుడారానికి వెళ్ళడం మాత్రం 1825లో వాల్టర్ స్కాట్ వ్రాసిన నవలలోని కల్పన.

గ్రంథం పేరు ‘అన్నవాదిరుస్ సుల్తానియ్యా వల్ మహాసినుల్ యూసుఫియ్యా’. యూసుఫ్ అన్నది సుల్తాన్ అసలు పేరు. ‘నవాదిర్’ అన్న మాటను ‘వింతలు’ అని తెనిగిస్తే పాఠకుడు మహిమల కోసం వెదుకుతాడు. ‘అరుదైన విషయాలు’ అనడమే సరైనది. ఈ గ్రంథంలో అరుదైనవి మహిమలు కావు, ఇతర ఆస్థాన చరిత్రకారులు వదిలివేసే చిన్న చిన్న సంగతులు.

గ్రంథకర్త నేపథ్యం గమనార్హమైనది. 1145లో మోసుల్‌లో జన్మించి, బాగ్దాదులోని నిజామియాలో పనిచేసిన పండితుడాయన. 1182లో సలాహుద్దీన్ మోసుల్‌ను ముట్టడించినప్పుడు, ఆయనకు వ్యతిరేకంగా ఖలీఫా సాయం కోరడానికి వెళ్ళిన దూత ఈయనే. 1188లో హజ్ నుంచి తిరిగి వస్తూ బైతుల్ మఖ్దిస్ దర్శించినప్పుడు సుల్తాన్ ఆయనను పిలిపించి సైన్యానికి ఖాజీగా నియమించారు. ఆనాటికి ముందు జరిగినవి నమ్మదగినవారి నోట విన్నవనీ, ఆ తర్వాతివి చూసినవో లేక చూసినవారు చెప్పినవో అనీ గ్రంథకర్త స్వయంగా గీత గీసి చూపారు. హదీసు శాస్త్రం చదివిన పండితునికి ఇది సహజం.

ఈ గీత వల్ల గ్రంథ స్వరూపమే మారిపోయింది. హిత్తీన్, బైతుల్ మఖ్దిస్ విజయాలు గీతకు అవతల ఉండిపోయాయి. ఖాజీ కళ్ళెదుట జరిగింది అక్కా నగర ముట్టడి. సుమారు రెండేళ్ళు సాగిన ఆ పోరాటం 1191 జూలై 12న ఓటమితో ముగిసింది. ఆగస్టులో రిచర్డు ఆజ్ఞపై సుమారు 2,700 మంది బందీలు వధింపబడ్డారు. ప్రతిగా సుల్తాన్ కూడా ఫ్రాంకు బందీలను చంపించారని వ్రాయడానికి గ్రంథకర్త వెనుకాడలేదు. నడుము నుంచి మోకాళ్ళ దాకా సెగగడ్డలు లేచి కూర్చోలేని మనిషి, గుర్రమెక్కితే నొప్పి మరచిపోయేవారట. 1192 వేసవిలో శత్రువు బైతుల్ మఖ్దిస్‌కు చేరువైనప్పుడు, ఏ దారీ తోచక సుల్తాన్ రాత్రంతా మేలుకొని గడిపారు. రహస్యంగా దానం చేసి, మస్జిదె అఖ్సాలో దుఆ చేయమని సలహా ఇచ్చింది ఖాజీయే. సజ్దాలో ఆయన కన్నీరు జానమాజుపై రాలడం చూసిందీ ఆయనే.

సుగుణాల అధ్యాయంలో గ్రంథకర్త ఇస్లాం మూల విధులను వరుసగా తీసుకున్నారు. సుల్తాన్‌పై జకాత్ ఎన్నడూ విధి కాలేదు, దానధర్మాల వల్ల చేతిలో నిసాబు నిలవలేదు. హజ్ చేయాలన్న కోరిక తీరకుండానే కన్నుమూశారు. అనారోగ్యం వల్ల తప్పిన రంజాన్ ఉపవాసాల లెక్కను ఖాజీ ఫాజిల్ వ్రాసి ఉంచేవారు. చివరి ఏడు వాటిని తీర్చుకుంటుంటే వైద్యుడు మందలించాడు. 1169లో ఈజిప్టు వజీరు అయినప్పుడు మద్యం విడిచిపెట్టారన్నదీ ఈ గ్రంథంలోనే ఉంది. 1193 మార్చి 4న దమిష్క్‌లో మరణించేనాటికి ఖజానాలో మిగిలింది 47 దిర్హములు, ఒక బంగారు నాణెం. ఖననానికి అవసరమైన వాటిని అప్పు తెచ్చారు. కేవలం పొగడాలనుకున్నవాడు తీరని హజ్‌ను, తప్పిన ఉపవాసాలను లెక్కలోకి తేడు. ఇక్కడ పొగడ్తకు విలువ తెచ్చింది ఆ లెక్కే.

అదే ఖాజీ ఒక వ్యాజ్యం గురించి వ్రాశారు. ఉమర్ ఖిలాతీ అనే వర్తకుడు, సుంఖుర్ అనే తన బానిసను, అతని ఆస్తిని సుల్తాన్ అన్యాయంగా తీసుకున్నారని దావా తెచ్చాడు. సుల్తాన్ ఆసనం దిగి వాది పక్కన కూర్చున్నారు. ఉపన్యాసకులైతే చివరకు సుల్తాన్ ఓడిపోవాలని కోరుకుంటారు. కానీ సాక్షులు సుల్తాన్ పక్షాన్నే రుజువు చేశారు. గెలిచిన తరువాత ఆయన వర్తకునికి వస్త్రమూ ధనమూ ఇచ్చి పంపారు.

ఇంత నిక్కచ్చి అయిన కలం ఒకచోట తడబడింది. 1191లో అలెప్పోలో తత్త్వవేత్త షిహాబుద్దీన్ సుహ్రవర్దీకి పడిన మరణశిక్షను గ్రంథకర్త సుల్తాన్ విశ్వాసదార్ఢ్యానికి నిదర్శనంగా నాలుగు వాక్యాల్లో ముగించారు. షరీయతును కాదన్నాడని చెప్పుకున్నారట, కుమారుడు మలిక్ జాహిర్ బంధించి తెలియజేశాడట, సుల్తాన్ చంపమన్నారట. సాక్షి లేడు, పత్రం లేదు, ముద్దాయి మాట లేదు. వర్తకునికి దొరికిన విచారణ పండితునికి దొరికిందా అన్న ప్రశ్నను వృత్తిరీత్యా ఖాజీ అయినవాడే వేసుకోలేదు. గ్రంథంలోని పెద్ద లోపం ఇదే. సమాధానం కోసం ఆయన నిర్మించిన తూకాన్నే ఆయన ముందు పెట్టవలసి వస్తుంది.

అందుకే దీనిని ఒంటరిగా చదవకూడదు. మోసుల్ పాలకుల పట్ల అభిమానం గల ఇబ్నుల్ అసీర్, 1171లో సలాహుద్దీన్ తన ప్రభువు నూరుద్దీన్‌ను కలవకుండా తప్పించుకున్నారనీ, తూరు నగరంలో ఫ్రాంకులు కూడిక కావడానికి ఆయన ఉదాసీనతే కారణమనీ వ్రాశారు. ఆ పక్షపాతాన్ని మినహాయించినా ప్రశ్నలు మిగులుతాయి.

తప్పు చేయని నాయకుణ్ణి ఆరాధించడం తేలిక, అనుసరించడం అసాధ్యం. ఉపవాసాల బాకీ గల, హజ్ చేయలేకపోయిన, సజ్దాలో ఏడ్చిన, ఒక తీర్పు విషయంలో ప్రశ్నకు నిలబడవలసిన సలాహుద్దీన్ మనుషులకు అందే దూరంలో ఉంటారు. ఆ దూరాన్ని తగ్గించిన సాక్షిగా ఇబ్ను షద్దాద్ మన్ననకు పాత్రుడు. సాక్షిని అడ్డుప్రశ్నలు అడగడం కూడా ఆ మన్ననలో భాగమే.