వయోజన వాచకములు

పెద్దలకై వెలువడిన వాచకములు కొన్నింటిని జూచితిమి. 'అమ్మ', 'ఆవు' అనుచు బాలశిక్ష త్రోవనే నడచినవి. నలువదియేండ్లు సంసారమీదినవారు పసిపాపలా? పైగా పాఠములలోనివి పుస్తకపుమాటలు.

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, పెద్దతనముననే సవరభాష నేర్చిరి. తెలుగెరిగిన సవర నొకనిని ఇంట నుంచుకొని, అతని నోటిమాటలనే పాఠముగా గ్రహించిరి. పిదప సవరలకు వారి భాషలోనే వాచకములు వ్రాసి, బడులు పెట్టిరి. 1931లో వారి సవర వ్యాకరణము అచ్చయినది. (వారు వలదన్న గ్రాంథికముననే మేమిది వ్రాయుచున్నాము, చదువరులు నవ్వుకొనవచ్చును.)

శ్రీకాకుళము జిల్లా పలాసలో జీడిగింజలొలుచు ఇల్లాలికి తూకము, కూలి, బాకీ చక్కగ దెలియును. తెలియనిది ఆ మాటల వ్రాత మాత్రమే. మొదటి పాఠము 'కూలి' యైనచో, ఆ వారమే లెక్కచీటీలో ఆ మాటను ఆమె తానే గుర్తుపట్టును.