ఆర్గానిక్ ఎవరి కోసం?

బెంగళూరు శివారులోని జిగణి ఏపీసీ సర్కిల్ దగ్గర నిలబడితే కన్నడంతో పాటు తెలుగూ వినిపిస్తుంది. గ్రానైట్ ఫ్యాక్టరీల్లో పనికొచ్చినవాళ్లు, కంపెనీ ఉద్యోగులు, తరతరాలుగా ఆనేకల్ తాలూకాలోనే ఉన్న తెలుగు కుటుంబాలు. వీళ్లు సరుకులు కొనే దుకాణాల్లో ఇప్పుడు ఆర్గానిక్ సరుకుకు విడిగా ఒక అర ఉంటోంది. కందిపప్పు, రాగిపిండి, బెల్లం, గానుగ నూనె. ధర చూసి కాసేపు తటపటాయించినా చివరికి చాలామంది బుట్టలో వేసుకుంటారు. ఎందుకని అడిగితే వచ్చే జవాబులు దాదాపు ఒక్కటే: "చిన్నపిల్లలున్న ఇల్లు కదన్నా", "మా నాన్నకు షుగరొచ్చింది", "ఈ మధ్య ఎవరిని చూసినా క్యాన్సరే అంటున్నారు".

ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. బిడ్డ నోట్లో పెట్టే ముద్ద గురించి తల్లి భయపడితే అది చాదస్తం కాదు. అయితే సైన్సు ఏమంటోందో కూడా తెలుసుకోవాలి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2012లో 237 అధ్యయనాలను వడపోశారు. ఆర్గానిక్ తిండిలో పోషకాలు ఎక్కువని చెప్పడానికి గట్టి ఆధారం దొరకలేదన్నారు, పురుగుమందుల అవశేషాలు మాత్రం తక్కువేనన్నారు. 2014లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం బృందం 343 పరిశోధన పత్రాలు చూసి, ఆర్గానిక్ పంటల్లో యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువ, విషలోహమైన కాడ్మియం తక్కువ అని తేల్చింది. అంటే తినేవాడికి లాభం లేదని కాదు, ఉంది. కానీ మనం అనుకునేంత పెద్దదో కాదో ఇంకా తేలలేదు.

తేలిన లాభం మరొకటుంది. అది మనకు కాదు, మందు కొట్టే మనిషికి.

ఊళ్లో పెరిగినవాళ్లకు ఈ దృశ్యం చెప్పక్కర్లేదు. వీపున పదహారు లీటర్ల ట్యాంకు, ముక్కుకు అడ్డంగా తువ్వాలు, కాళ్లకు చెప్పులుండవు. డబ్బా మూతతోనే మందు కొలుస్తాడు, పుల్ల దొరక్కపోతే చేత్తోనే కలిపేస్తాడు. నాజిల్‌లో చెత్త అడ్డుపడితే విప్పి నోటితో ఊదుతాడు. గాలి ఎదురొస్తే కొట్టిందంతా ఒంటిమీదే పడుతుంది. సాయంత్రానికి తల తిరుగుడు, వాంతులు, చూపు మసకబారడం. కడిగితే పోయే అవశేషం గురించి, కడిగినా పోని అవశేషం గురించి మనం మాట్లాడుకుంటుంటాం. అతను పీల్చేది అవశేషం కాదు, అసలు మందు. ఆదిలాబాద్‌కు ఆనుకునే ఉన్న మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వాళ్లెవరూ ఆ పత్తిని తినలేదు.

తెలుగు నేల మీద మందులు మానేసిన ఊళ్ల కథ కూడా ఇలాంటి బాధల నుంచే మొదలవుతుంది. అప్పటి ఖమ్మం జిల్లా, పాల్వంచ దగ్గరి పునుకుల పత్తి రైతుల ఊరు. అక్కడ మందులు మానడానికి కారణం పట్నంలో ఆర్గానిక్‌కు గిరాకీ రావడం కాదు. మందు కొట్టిన మగవాళ్లు ఆస్పత్రుల పాలవడం, మందుల దుకాణంలో అప్పులు పెరిగిపోవడం. ఆడవాళ్లు ముందుకొచ్చారు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి–వెల్లుల్లి ద్రావణం, దీపపు ఎరలు, లింగాకర్షక బుట్టలతో పురుగును అదుపు చేశారు. 2000 తర్వాత కొద్ది ఏళ్లకే ఊరంతా పురుగుమందులకు దూరమైంది. ఆపైన అప్పటి వరంగల్ జిల్లాలోని ఏనెబావి ఇంకో అడుగు వేసింది. యాభై దాకా కుటుంబాలున్న ఆ ఊరు రసాయన ఎరువులు కూడా మానేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం 2016లో మొదలై, 2024లో గుల్బెంకియన్ అంతర్జాతీయ బహుమతి అందుకుందంటే ఇలాంటి ఊళ్లు ముందే దారి వేసి ఉంచడం వల్ల కూడా.

అందుకే ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నప్పుడు మన ఒంటి లెక్క ఒక్కటే వేసుకుంటే సరిపోదంటాను. చట్టం ప్రకారం చూడాల్సినవి చూడండి. 2017 ఆర్గానిక్ ఆహార నిబంధనలతో వచ్చిన జైవిక్ భారత్ గుర్తు, దానితో పాటు ఎన్‌పీఓపీ (జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం) లేదా పీజీఎస్ (రైతులే ఒకరినొకరు తనిఖీ చేసుకునే పద్ధతి) ధ్రువీకరణ. ఏడాది పంటలకు రెండేళ్లు, పండ్ల తోటలకు మూడేళ్లు రసాయనాలు మానితే తప్ప సాధారణంగా ఈ ముద్ర రాదు. ఆ రెండు మూడేళ్లూ దిగుబడి తగ్గొచ్చు, ధరేమో మామూలుదే. ఆ కాలంలో చాలామంది రైతులకు సరైన ఆసరా దొరకదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు అమ్మకాలున్న చిన్న రైతు నేరుగా మనకే అమ్మితే ధ్రువీకరణ అవసరం లేదని అదే చట్టం చెబుతోంది. ఆనేకల్ వైపు నుంచి ఆకుకూరలు, రాగులు తెచ్చి అమ్మేవాళ్లు ఇక్కడ ఉన్నారు. ముద్ర లేదని వాళ్లను దాటి వెళ్లిపోకండి. ఏం వేశారు, పురుగొస్తే ఏం చేశారు అని అడగండి. నిజంగా సాగు చేసేవాడు పది నిమిషాలు ఆపకుండా చెబుతాడు.

వంకాయల దగ్గర మన పరీక్ష మొదలవుతుంది. కాయ తొలిచే పురుగు కోసం వంగ తోటకు కొట్టినన్ని మందులు మరే కూరగాయకూ కొట్టరేమో. నిగనిగలాడే కాయలే కావాలని మనం పట్టుబడితే, ఎవరో ఒకరు ఆ ట్యాంకు మళ్లీ వీపుకెత్తుకోవాల్సిందే. ఈసారి కిలోలో రెండు పుచ్చు కాయలొస్తే వెనక్కివ్వకండి, ధర తగ్గించమనీ అడగకండి. పుచ్చు కోసి పారేసి, మిగతాది కూర వండుకోండి.