పని చెప్పించుకోవడం

తెలిసినవాళ్ల అమ్మాయి ఒకతె ఎండాకాలం సెలవుల్లో ఏదో దీవికి వలంటీరుగా పోతానని దరఖాస్తు పెట్టుకుంది. తాబేలు గుడ్లకు కాపలా, పిల్లలకు ఇంగ్లిష్, సాయంత్రమైతే సముద్రం. టికెట్ ఖర్చే కాదు, తిండికీ పడకకీ కూడా ఎదురు కట్టాలట. పోనీ, మంచిదే. కాకపోతే దీవి కోసం అంతదూరం పోవాలా అనిపించింది.

2023 జులై 27 తెల్లవారేసరికి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి దీవి అయిపోయింది. ఆ ఒక్క రోజు లెక్కలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన. రాష్ట్రంలో అంతకు ముందెన్నడూ అంత పడలేదు. మోరంచవాగు ఇళ్ల మీదికొచ్చింది. జనం డాబాలెక్కారు, చెట్లెక్కారు. నలుగురు కొట్టుకుపోయారు. పడవలూ హెలికాప్టర్లూ వచ్చిన దృశ్యం టీవీలన్నీ చూపించాయి. వలంటీరు పని ఆ దృశ్యంలో ఉండదు. నీళ్లు తీసి, కెమెరాలు వెళ్లిపోయాక మొదలవుతుంది.

వరద ఊరు ఏదైనా ముందు చేరేది పాత బట్టల మూటలే. చీరలు, చిరిగిన స్వెటర్లు, ఒంటి కాలి చెప్పులు. ఒకచోట మేం బండి దించుతుంటే ఒక పెద్దమ్మ వచ్చి, "బట్టలొద్దు బిడ్డా, రెండు పారలుంటే ఇయ్యిండ్రి" అంది. ఇంట్లో మోకాలిలోతు ఒండ్రు. పొయ్యి ఎక్కడుందో ఆమెకే తెలియడం లేదు. పారలు తెచ్చాక కూడా మా ఇష్టానికి ఎత్తనీయలేదు. ముందు గుమ్మం, తర్వాత బియ్యం డ్రమ్ము ఉన్న మూల, మంచం కింద అన్నిటికన్నా చివర. అక్కడ రేకు పెట్టె ఉంది, దాన్ని తనే తీసుకుంటానంది.

పెట్టెలో పట్టా పాసుపుస్తకం, మనవడి పదో తరగతి మెమో. లామినేషన్ చేయించిన కాయితానికి ఏమీ కాదనుకుంటాం గానీ, అంచు దగ్గర ఊడిందంటే నీళ్లు లోపలే నిలిచిపోతాయి. లాగితే అక్షరాలు ప్లాస్టిక్‌తో పాటే వస్తాయి. కత్తెరతో ఒక అంచు కోసి, నీళ్లు జారనిచ్చి, నీడలో ఆరబెట్టాలి. పాసుపుస్తకమైతే పేజీకీ పేజీకీ మధ్య న్యూస్‌పేపరు ముక్క పెట్టి, తడి పీల్చగానే మార్చాలి. పూటంతా కూర్చుంటే రెండిళ్ల కాయితాలు తెములుతాయి. ఆ పనికి ఫొటో రాదు.

ఇంకో చిక్కు, అన్నం. మునిగిన ఇంట్లోనూ మనకు పెట్టకుండా పంపరు. తింటే వాళ్లకు మిగిలిన పొడి బియ్యం తిన్నట్టు, తినకపోతే చిన్నబుచ్చుకుంటారు. సద్ది కట్టుకుని పోవడం, నలుగురిలో కూర్చుని పంచుకు తినడం, నాకు తెలిసిన ఉపాయం ఇదొక్కటే.

పరాయి ఊళ్లో పనిచేసే ఈ పద్ధతిని దేశాలు దాటించినవాడు స్విట్జర్లాండ్ ఇంజినీరు పియేర్ సెరెసోల్. మొదటి ప్రపంచయుద్ధంలో నేలమట్టమైన ఒక ఫ్రెంచి ఊరిని కట్టడానికి 1920లో వెర్డున్ దగ్గరికి జట్టుతో వెళ్లాడు. జట్టులో జర్మన్లూ ఉన్నారు. స్థానికులు ఒప్పుకోలేదు, కొన్ని నెలలకే సర్దుకుని వెనక్కి వచ్చేశారు. ఆ మనిషే 1934 భూకంపం తర్వాత బిహారొచ్చి ఊళ్లు తిరిగి కట్టే పనిలో దిగాడు. నాకు బిహార్ కన్నా ఆ మొదటి ఊరి సంగతే ఎక్కువ పట్టింది. సాయం వద్దనే హక్కు ఊరికి ఉంటుంది, ఎంత శిథిలమైనా.

2024 సెప్టెంబరు 1న వంతు మహబూబాబాద్‌ది. కేసముద్రం - ఇంటికన్నె మధ్య పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. ఆకేరు పొంగి మరిపెడ మండలం సీతారాం తండా మునిగింది. రైల్వేవాళ్లు కొద్దిరోజుల్లోనే పట్టాలు సరిచేశారు. ఇళ్లు సరిచేయడానికి అట్లాంటి డిపార్ట్‌మెంటేదీ లేదు.

జనగామ వైపుకొస్తే ఇదే ఒండ్రుకు గిరాకీ. ఎండిన చెరువుల్లో పూడిక తీస్తే ఆ మట్టి పొలానికి ఎరువు. కాజీపేట కేంద్రంగా 1991 నుంచి పనిచేస్తున్న బాల వికాస సంస్థ మూలాలు కెనడాలో ఉన్నాయి. ఆంద్రే జింగ్రాస్, తెలుగింటి ఆడపడుచు బాల దంపతులు మొదలుపెట్టినది. పూడికతీతలో వాళ్ల పద్ధతి నాకు నచ్చుతుంది: తవ్వే యంత్రం ఖర్చు సంస్థది, ట్రాక్టరు కిరాయి మట్టి తీసుకునే రైతుది. కిరాయి కట్టే రైతు ఎవరి ముందూ చేయి చాపినట్టుండడు. ఏ మూల తవ్వాలో, ఏ మట్టి పనికిరాదో గట్టు మీద నిలబడి తనే చెబుతాడు.

ఇలాంటి చోట చదువుకున్న వలంటీరుకు మిగిలేది ట్రిప్పుల లెక్క. ఎవరి ట్రాక్టరు ఎన్నిసార్లు పోయిందో రాయాలి. ఒక్క ట్రిప్పు తేడా వచ్చినా పొద్దుమూకి పంచాయితీ. గంప ఎత్తుతామని వచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. పుస్తకం పట్టుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడేవాడు దొరకడమే కష్టం.