పిలుపు పేరూ కాగితం పేరూ

మా చెల్లెలి కొడుక్కి ఏడో రోజు అఖీఖా చేశారు. గుండు గీయించారు, మేకలు కోశారు, చుట్టాలందరూ తిన్నారు. పేరు దగ్గరికొచ్చేసరికి ఇల్లు మూడు ముక్కలైంది.

మా అమ్మీ "సైదులు" అంది. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుంటే పుట్టాడట. పిల్లాడి తండ్రి "అబ్దుర్ రహ్మాన్. ఇంట్లో కూడా అదే పిలవాలి. సైదులు, మస్తాన్, దస్తగిరి ఇస్లామీ పేర్లు కావు" అన్నాడు. చెల్లెలు మాత్రం నా మొహం చూసి, "భాయిజాన్, ఏ పేరైతే వీడికి రేపు ఇల్లు అద్దెకిస్తారో అది చెప్పు" అంది.

ఈ మూడు మాటల్లోనే తెలుగు ముస్లిం బతుకంతా ఉంది. ఒక్కొక్కటీ విప్పి చూద్దాం.

అమ్మీ చెప్పిన పేరు మాదొక్కరిదే కాదు. నల్గొండ పల్లెల్లో సైదులు ఉంటాడు, సైదమ్మ ఉంటుంది, సైదిరెడ్డీ ఉంటాడు. గుంటూరు, నెల్లూరు వైపు వెళ్తే మస్తాన్ వలీ పక్కనే మస్తానమ్మ, మస్తాన్‌రావు కనిపిస్తారు. దర్గా గడప దాటి పేరు రెడ్డి వాకిట్లోకీ దళితవాడలోకీ నడిచింది. దీన్ని గంగా జమునా తెహజీబ్ అని సభల్లో పొగుడుతుంటారు. పొగడండి, కాదనను. కానీ ఒక్క మాట అడుగుతాను. సైదిరెడ్డిని నువ్వే దేశం వాడివని ఎవరైనా అడిగారా? అదే సైదులు ముందు 'షేక్' చేరితే చూపు ఎందుకు మారుతుంది? పేరు పంచుకున్నారు గానీ, దాన్ని మోసే బరువు పంచుకోలేదు.

ఇక పిల్లాడి తండ్రి వాదన. పిలుపు పేరే తప్పంటే ఒప్పుకోను. అరబ్బుల్లో ఇస్మ్ వేరు, కునియత్ వేరు, లఖబ్ వేరు. హదీసులు ఎక్కువగా చెప్పిన సహాబీని లోకం అబూ హురైరా అనే ఎరుగును. పిల్లికూనను సాకినందుకు వచ్చిన పిలుపు అది. ఆయన అసలు పేరు అబ్దుర్ రహ్మాన్ అని చెబుతారు. హజ్రత్ అలీని అబూ తురాబ్ అనీ పిలిచారు. ఖుర్ఆన్ 49వ సూరా 11వ ఆయత్ వద్దన్నది ఎగతాళి పేర్లను. ప్రేమగా పిలుచుకోవడాన్ని కాదు.

అయినా ఆ కుర్రాడి కోపంలో నిజం ఉంది. మా తాతను ఊరంతా "సాయిబూ" అనే పిలిచింది. ఆయనకో పేరుందని దొరకూ తెలియదు, పట్వారీకీ అక్కర్లేదు. మన తెలుగు కథలు చాలా వాటిలోనూ అంతే: అత్తరు సాయిబు, జట్కా సాయిబు. వృత్తి ఉంటుంది, గడ్డం ఉంటుంది, పేరుండదు. 'పుట్టుమచ్చ' (1991), 'జల్జలా' (1998) లాంటివి వచ్చాక గానీ ఆ సాయిబు తన నోటితో తాను మాట్లాడటం గట్టిగా వినపడలేదు. పేరే దక్కని వాళ్ళ మనవడికి నిండు పేరు కావాలనడం ఆత్మగౌరవమే. కాకపోతే ఆ గౌరవం కోసం నానీ నోరు మూయించనక్కర్లేదు.

కాగితం సంగతి వేరు. 1969 నాటి జనన మరణ నమోదు చట్టం కింద పేరు లేకుండానే పుట్టుక రాయించవచ్చు. ఏడాదిలోపు ఉచితంగా, తర్వాత రుసుముతో పదిహేనేళ్ళ దాకా పేరు చేర్చవచ్చు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన వాళ్ళకు బడి నుంచి ఓటు దాకా ఆ పత్రమే ఆధారం. అక్కడ మన పేర్లు నలుగుతాయి. మహమ్మద్ కాస్తా 'ఎండి.' అవుతుంది, షేక్ 'ఎస్‌కె.' అవుతుంది. అబ్దుర్ రహ్మాన్‌ను నరికి ఉత్త అబ్దుల్‌ను చేస్తారు. దాసుడు మిగులుతాడు, ఎవరి దాసుడో ఎగిరిపోతుంది. నవ్వుకోవద్దు. అస్సాంలో 2019లో 19 లక్షల మందికి పైగా పౌర జాబితాలోకి రాలేదు. అక్కడ ఒక్క అక్షరం తేడా కూడా మనుషుల్ని ట్రిబ్యునళ్ళ చుట్టూ తిప్పింది.

చివరిది, చెల్లెలి ప్రశ్న. దానికి జవాబు చెప్పడానికి నాకే సిగ్గేసింది. పదిహేనేళ్ళ కింద హైదరాబాదులో ఇల్లు వెతుక్కుంటూ ఫోనులో "బాబు" అన్నాను. అది నా ఇంటి పేరే, అబద్ధం కాదు. రమ్మన్నారు, గదులు చూపించారు. పూర్తి పేరు చెప్పగానే నిన్ననే ఎవరికో ఇచ్చేశామన్నారు. ఆ రోజు నా ముద్దుపేరు ముసుగుపేరయింది. ధన్‌పత్ రాయ్‌ను ఇంట్లో ముద్దుగా నవాబ్ అన్నారు. ఆయన నవాబ్ రాయ్‌గా ఉర్దూలో రాశాడు. 1908 నాటి 'సోజ్-ఎ-వతన్'ను దొరలు జప్తు చేశాక ప్రేమ్‌చంద్ అయ్యాడు. ఆయన ముద్దుపేరు కలానికి పనికొచ్చింది, నాది అద్దె ఇంటి వాకిలి వరకే వచ్చింది. యూసుఫ్ ఖాన్ 1944లో తెర మీద దిలీప్ కుమార్ అయ్యాడు. అంత పెద్ద నటుడికే తప్పలేదు.

అందుకే నేను చూసేది సైదులా, రహ్మానా అని కాదు. ఆ పేరుతో పిల్లాణ్ణి పిలుస్తున్నామా, దాస్తున్నామా అన్నది.

చివరికి మునిసిపాలిటీలో ఒక్క అక్షరం విరగకుండా మహమ్మద్ అబ్దుర్ రహ్మాన్ అని రాయించాం. నానీ ఒడిలో వాడు సైదులు. తండ్రి ఇంకా ముఖం ముడుచుకునే ఉన్నాడు గానీ, నిన్న వాణ్ణి నిద్రపుచ్చుతూ ఆయన కూడా "సైదూ" అన్నాడని చెల్లెలు చెప్పింది.

దానికి నేను చెప్పిందొక్కటే: వాడు రేపు ఇల్లడగడానికి వెళ్ళినప్పుడు అబ్దుర్ రహ్మాన్‌గానే వెళ్ళాలి. ఇల్లివ్వకపోతే ఆ తప్పు పేరుది కాదని వాడికి ఇప్పటి నుంచే నేర్పు.